గల్లీ మూల మీద హారన్

ముంబై కామాఠిపురలో కింది అంతస్తు గది దొరకడం అదృష్టమని మా తాతల కాలంలో అనుకున్నారు. మెట్లెక్కే బాధ లేదు కదా. ఆ తర్వాత రోడ్డు మీద రోడ్డు వేస్తూ గల్లీని ఎత్తు చేశారు. మా కిటికీ మాత్రం ఉన్నచోటే ఉంది. ఇప్పుడు గల్లీలో ఆపిన మోటార్‌సైకిల్ సైలెన్సరూ మా కిటికీ చువ్వలూ ఎదురెదురుగా ఉంటాయి, మాట్లాడుకుంటున్నట్టు.

ఆ కిటికీ పక్క మంచం మా నాయనది. ఈ నగరంలో ఎవరెవరివో ఇళ్ళు కట్టిన మేస్త్రీ ఆయన. పని మానేశాక సిమెంటు ఆయన్ని వదిలింది గానీ, ఆయన ఊపిరితిత్తులను వదల్లేదు. మొన్నటి ఎండాకాలం డాక్టరు మాత్రలు రాసి, మంచి గాలి తగిలేచోట ఉంచమన్నాడు. మాత్రలు దొరికే దుకాణం చూపించాడు. గాలి దొరికేది చూపించలేదు. పాలమూరు వైపు మాకు ఒక ఊరుండేదట. అక్కడ మాకు మిగిలింది ఇంటిపేరు ఒక్కటే. అందులో మనిషిని పడుకోబెట్టలేం.

ఏప్రిల్లో ఆకు కదలదు. కిటికీ మూస్తే గది పొయ్యి అవుతుంది. తెరిస్తే పొద్దున్నే ఒకరి తర్వాత ఒకరు బండి చాలూ చేసి, అది వేడెక్కేదాకా ఫోన్ చూస్తూ నిలబడతారు. ఒక్కో బండికి నాయన ఒక్కో విడత దగ్గేవాడు. అమ్మ ఓపిక పట్టింది. అది అయిపోయాక గల్లీలోకి వెళ్ళి ఇంటింటికీ చెప్పింది.

"బండి బంద్ జేసి మూల దాక తోసుకపోండి బిడ్డా. ఆడ చాలూ చేస్కోండి. మీ కాకాకు దమ్ము ఆడ్తలేదు."

ఎదురింటి కుర్రాడు హెల్మెట్ తీయకుండానే అడిగాడు. "పెట్రోలు పోసేది మేమే, తోసేది గూడ మేమేనా కాకీ? గట్లయితే సైకిలే నయం గద."

"నయమే. కొనుక్కో. ఎవరొద్దన్నరు?"

గొణుక్కున్నారు గానీ తోశారు. పెళ్ళి కావలసిన కుర్రాళ్ళు కొత్త బళ్ళను గేదెల్లా నడిపించుకుపోతుంటే ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి నవ్వేవారు. చూడవచ్చే చుట్టాలతో ఇంకో చిక్కు వచ్చింది. నాయన ఊపిరి ఎలా ఉందో కనుక్కోవడానికి వర్లి నుంచి ఒక బండి, ధారావి నుంచి ఇంకో బండి వచ్చేవి. కిటికీ కిందనే ఆపి, ఇంజను కట్టేయకుండానే "ఎట్లున్నవ్ మామా" అనేవారు. మామ దగ్గేవాడు. అయ్యో ఎక్కువయిందే అని బాధపడి వెళ్ళేవారు. వాళ్ళకు కూడా అమ్మ కబురు పెట్టింది: బస్సులోనో రైల్లోనో వస్తే చాయ్, బండి మీద వస్తే మూలమీంచే దండం. వర్లి వాళ్ళు బస్సెక్కారు. ధారావి వాళ్ళు రైలెక్కారు.

ఇక మిగిలింది నా బండి. మూల మీద చాలూ చేసినా ఆ పొగ అక్కడెవరో ఒకరి కిటికీలోకే పోతుంది. అది తట్టాక ఆఫీసుకు రైల్లో వెళ్దామనుకున్నాను. గ్రాంట్ రోడ్ స్టేషన్ నడిచిపోయే దూరమే. ఆ మాట నాయనతో అన్నాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"నడిసుడు నాతోనే అయిపోవాలె అనుకున్న," అన్నాడు గోడతోనే. "తట్ట నెత్తిన వెట్టుకొని పరేల్ దాక నడిసిన నేను. గిప్పుడు నువ్వు గూడ నడుస్తవా? బండెందుకు కొన్నవ్ మరి, పసుపు బొట్టు వెట్టి మొక్కనీకా?"

మాట మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు. అలాంటి మనిషితో వాదించడం సభ్యత కాదు.

"నడుస్తలేను నాయినా. అందరి లెక్కనే మూల మీద చాలూ చేస్త."

"చేసినంక హారన్ కొట్టు. నాకు ఎరుకైతది."

మర్నాటి నుంచి అదే నా ఉద్యోగం. కిటికీ ముందునుంచి ఠీవిగా బండి తోసుకుపోవడం, మూల మీద ఇంజను చాలూ చేయకుండా తాళం మాత్రం తిప్పి రెండుసార్లు హారన్ కొట్టడం, బండిని పాన్ దుకాణం పక్కన ఆపి ఫాక్‌లాండ్ రోడ్ మీదుగా నడవడం. సాయంత్రం మళ్ళీ హారన్, మళ్ళీ తోసుకురావడం. బండి నన్ను ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. నేనే దాన్ని రోజూ షికారుకు తిప్పాను.

గల్లీ నిజంగానే నిశ్శబ్దమైంది. నగరం మొత్తం పొగ ఎక్కడికీ పోలేదు గానీ, పొద్దుటి దగ్గు తగ్గింది. నాయన మధ్యాహ్నాలు నిద్రపోవడం మొదలుపెట్టాడు. ఒక పొద్దున లేచి చెవి ఒగ్గి విన్నాడు.

"ఎవరన్న పోయిన్రా? సప్పుడు లేదు."

"ఎవరు పోలే నాయినా."

"మరి నాకోసం ముందుగాలనే మౌనం పాటిస్తున్నరా?"

నవ్వాడు. నేనూ నవ్వాను. అమ్మ నవ్వలేదు.

ఇంజను తిరగని బండికి బ్యాటరీ నిండదు. ఆ సంగతి నాకు మే నెలలో హారన్ ద్వారా తెలిసింది. మొదట గొంతు తగ్గింది, తర్వాత బొంగురుపోయింది, ఒకరోజు మూలిగింది. ఆ సాయంత్రం నేను లోపలికి రాగానే నాయన నా చెప్పుల వైపు చూశాడు. వాటి నిండా దుమ్ము ఉంది.

"నీ హారన్ గూడ నా లెక్కనే అయ్యింది," అన్నాడు.

నేను చెప్పులు విప్పి గుమ్మం వెనక్కి తోశాను.

"రేపటి సంది ఉత్తగనే నడిసి పో. దాన్ని తోసుకుంట పోవుడెందుకు, నడుము నొస్తది." ఊపిరి తీసుకుని, "నీడకు నడువ్," అన్నాడు.

వానలు రాకముందే, నేను నడిచి వెళ్ళిన ఒక పొద్దున, నాయన పోయాడు. ఆ రోజు చుట్టాలంతా తొందరలో బళ్ళ మీదే వచ్చారు. ఎవరూ చెప్పకుండానే మూల మీద ఇంజన్లు కట్టేసి, తలలు వంచుకుని, వరసగా తోసుకుంటూ లోపలికి వచ్చారు. అంత మర్యాద గల ట్రాఫిక్ నేను ముంబైలో చూడలేదు.

దినాలు అయ్యేదాకా గల్లీ తోస్తూనే ఉంది. తర్వాత ఒక పొద్దున ఎదురింటి కుర్రాడు మా కిటికీ ముందే బండి చాలూ చేశాడు. పొయ్యి దగ్గరున్న అమ్మ ఒక్క అంగలో వచ్చి కిటికీ రెక్క పట్టుకుంది. పట్టుకుని, ఖాళీ మంచం వైపు చూసింది. రెక్క వదిలేసి మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

పొగ లోపలికి వచ్చింది. నేను చెప్పులేసుకుని స్టేషన్‌కు బయలుదేరాను. నీడ ఉన్నవైపే నడిచాను.