బెజవాడలో తెల్లవారేదాకా

ఈ పొద్దున ఎవరో పాత ఫిడేలు రిపేరుకి తెచ్చారు. పెట్టె మూత తీయగానే కమానుకి రాసే రోజిన్ వాసన గుప్పుమంది. డాలస్ పక్కన ప్లేనోలో నా చిన్న షాపులో ఆ వాసన రోజూ ఉండేదే గానీ, దసరా రోజుల్లో తగిలితే మాత్రం, తప్పు చేసి దొరకబోతున్న పదేళ్ళ పిల్లలా ఇప్పటికీ గడియారం వైపు చూస్తాను.

డెబ్భైల చివర మా వీధి దాటితే పత్తి చేలే. ఇండియన్ షాపు అన్నది లేదు గనక బామ్మ బెజవాడ నుంచి సూట్‌కేసులో చీరలకన్నా చింతపండే ఎక్కువ తెచ్చుకుంది. హాలోవీన్ కోసం అమ్మే నారింజరంగు గుమ్మడికాయలు కొనిపించి దప్పళం పెట్టేది. ఇంటినిండా ఇంగువ పోపు, కర్పూరం, కాగిన నెయ్యి కలిసి ఒకటే వాసన. పక్కింటి ఎర్ల్ అంకుల్ బూట్లు మా గుమ్మం బయట విడిచి, బామ్మ పులిహోర చేత్తోనే తిని, శనివారాలు నాకు ఫిడేలు నేర్పేవాడు.

ఆయనది కంట్రీ మ్యూజిక్. నలభై ఏళ్ళు బస్సుల్లో నిద్రపోతూ సంతల్లో, డాన్స్ హాళ్ళలో, రేడియోలో వాయించాడు, ఎప్పుడూ ఇంకొకరి వెనకాలే. పోస్టర్ మీద ఆయన పేరుండాల్సిన చోట 'బృందం' అని ఉండేది. ఆ యేడు మొదటిసారి ఆయన పేరు పైన, పెద్ద అక్షరాలతో వేశారు. కచేరీ సరిగ్గా మహర్నవమి సాయంత్రం, ఎనిమిదింటికి.

ఆ రోజు మా ఇంట్లో పుస్తకాలూ వాయిద్యాలూ సరస్వతి ముందు పెడితే, మర్నాడు తెల్లవారాకే తీయాలి. మధ్యలో ముట్టుకోకూడదు. హోంవర్క్ ఎగ్గొట్టడానికి ఇంతకన్నా గొప్ప దేవత లేదని నా నమ్మకం. తర్వాతెప్పుడో పదకొండో క్లాసులో బడి మానేసినప్పుడు కూడా, పుస్తకాలు పూజలో పెట్టి తీయడం మర్చిపోయానని చెప్పుకు తిరిగాను. ఎర్ల్ అంకుల్ తన ఫిడేలుకీ దీవెన కావాలని పొద్దున్నే తెచ్చిచ్చాడు. బామ్మ దానికి బొట్టు పెట్టి, "రేపటిదాకా తీయకూడదని చెప్పవే ఆయనకి" అంది. వాళ్ళిద్దరి మధ్యా అనువాదం నాదే. లెక్కల పుస్తకాన్ని అన్నిటికన్నా అడుక్కి తోసే హడావిడిలో ఆ ముక్క మింగేశాను.

ఆరింటికి ఆయన ఇస్త్రీ చొక్కా, తెల్ల టోపీతో ఫిడేలు కోసం వచ్చాడు. బామ్మ పూజ ముందు అడ్డంగా కూర్చుంది.

"అమ్మా, ఆయన ప్రోగ్రాం క్యాన్సిల్ అయిపోతుంది," అన్నాడు నాన్న.

"అవనీ. అమ్మవారి ముందునుంచి ఎత్తుకుపోతే ఆయన చెయ్యి పడిపోతుందిరా. ఆ పాపం నాకెందుకు?"

హాలువాళ్ళు ఫోన్‌లో ఇంకో ఫిడేలు ఇస్తామన్నారు. నలభై ఏళ్ళు ఆగింది అరువు ఫిడేలు వాయించడానికి కాదన్నాడు ఎర్ల్ అంకుల్. కేకలేసినా బాగుండేది, టోపీ అంచు నలుపుతూ మెల్లగా అన్నాడు. తప్పు నాదని అప్పటికి నా ఒక్కదానికే తెలుసు.

"బామ్మా, నువ్వు పంచాంగంలో బెజవాడ టైమే చూస్తావు కదా?"

"అయితే?"

"అక్కడ ఇప్పుడు నాలుగున్నర. రేపు వచ్చేసింది!"

బామ్మ కళ్ళజోడు సర్దుకుని నన్ను ఎగాదిగా చూసింది. "వచ్చిందమ్మా లాయరు! తెల్లవారాక అన్నాను. సూర్యోదయం కానీ."

బెజవాడలో సూర్యోదయమంటే మాకు ఏడున్నర. హాలు ఇరవై ఐదు నిమిషాల దూరం.

నాన్న బయట కారు ఇంజన్ ఆన్ చేసి ఉంచాడు. ఎర్ల్ అంకుల్ మేజోళ్ళతో కార్పెట్ మీద కూర్చున్నాడు. ముందున్న గారెలు చల్లారి నూనె తేలుతున్నా ముట్టలేదు. ఫోన్ రెండుసార్లు మోగింది. ఎవరూ ఎత్తలేదు. వంటింటి గడియారం ముల్లుని నేను కళ్ళతో నెడుతున్నాను, అది లెక్కల క్లాసులో నాలాగే కదలకుండా కూర్చుంది.

ఏడున్నరకి బామ్మ హారతిచ్చి, పీఠం కాస్త కదిపి, ఫిడేలు రెండు చేతులా ఆయనకందించింది. "బాగా వాయించు నాయనా." దానికి నా అనువాదం అవసరం పడలేదు. ఆయన బూట్లు చేత్తో పట్టుకుని కారెక్కాడు, వెనకాలే నేనూ.

ఎనిమిది దాటింది. జనం నేలని కాళ్ళతో దరువేస్తున్నారు. ఎర్ల్ అంకుల్ ఫిడేలు మీది బొట్టు తుడవకుండానే స్టేజీ ఎక్కి కమాను ఆనించాడు. మొదటి స్వరం వణికింది. రెండోదానికి కాళ్ళ దరువు ఆగింది. మూడోదానికి నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఇప్పుడు బామ్మ లేదు, ఎర్ల్ అంకుల్ లేడు. పత్తి చేలల్లో ఆఫీసులు లేచాయి, ఆ హాలు స్థలంలో కార్లు పార్క్ చేస్తున్నారు. పంచాంగం డాలస్ టైముతోనే వస్తోంది, నిమిషాలతో సహా. తప్పు చేసిన పిల్ల దాక్కోవడానికి ఆ పదిన్నర గంటల తేడా కూడా మిగల్లేదు.