కింగ్ బుద్ధిగా ఉన్న రోజు

పదహారేళ్ల వయసులో మనిషికి తెలియనిదంటూ ఉండదు. తొంభైల్లో నర్సీపట్నంలో ఇంటర్ బైపీసీ చదువుతున్న నాకైతే మరీను. అప్పట్లో నాకు క్షుణ్ణంగా తెలిసిన విషయాల్లో పాముల స్వభావం ఒకటి. దానికి కారణం మా మావయ్య. ఆయన సరుకుల ఓడలో వంటవాడు. ఆ ఏడు సెలవుకొస్తూ, బిస్కెట్ల రేకు డబ్బా మూతకి మేకుతో కన్నాలు పొడిచి, అందులో బతికున్న పామును తెచ్చాడు. (ఓడ దిగేటప్పుడు ఎవరూ అడగలేదా అంటే, "నువ్వు ముందు బాగా సదువుకో" అనేవాడు.) గజం పొడవు, నల్లటి ఒళ్లు, దాని మీద తెల్లటి పట్టీలు. మూత తియ్యగానే మా అమ్మ గోడకి అతుక్కుపోయింది.

"ఒలమ్మో! కట్లపామురా తమ్ముడా! బయట పారెయ్, బేగి!"

"కాదప్పా. ఇది కింగ్ స్నేక్. దీనికి విషం లేదు. ఆ దేశాల్లో సిన్నపిల్లలు మెడలో ఏసుకు తిరుగుతారు" అన్నాడు మావయ్య.

అమ్మ నమ్మలేదు గానీ తమ్ముడి మీద ప్రేమకొద్దీ ఊరుకుంది. అలా ఆ డబ్బా పెరట్లో జీడిపిక్కల గోనెలుండే పాకలో చేరింది. కింగ్‌ని చూసుకునే పని నాది. సాధుజంతువని మావయ్య చెప్పాడు కదా, మొదటివారంలోనే అది నన్ను మూడుసార్లు కరిచింది. తాకగానే తోక గడగడలాడించేది, భరించలేని కంపు వదిలేది, చివరికి వేలు పట్టుకునేది. గుండుసూదులతో గుచ్చినట్టు చుక్కలు పడేవి. మావయ్య మాత్రం పాము పక్షమే. "ఎలకని ముట్టుకున్న సెయ్యి కడుక్కోకుండా పెట్టేవేటి? నీ ఏలు ఎలకనుకుంది పాపం. అది కోపం కాదురా, పొరపాటు" అనేవాడు. నెల తిరిగేసరికి, సబ్బుతో చేతులు కడుక్కుని ఎత్తుకుంటే మోచేతికి చుట్టుకుని పడుకునేది. మచ్చిక చేసేశానని కాలేజీలో ఉపన్యాసాలిచ్చాను. (తను కరవడం మానేసిందా, నేను చేతులు కడగడం నేర్చుకున్నానా అన్న అనుమానం అప్పట్లో నాకు రాలేదు.)

ఒకసారి మావయ్య ఏదో పనిమీద రెండురోజులు విశాఖపట్నం వెళ్లాడు. ఆ మర్నాడు పొద్దున్న పాకలోకి వెళ్లి చూస్తే డబ్బా మూత పక్కన పడి ఉంది, లోపల ఖాళీ. ముందురోజు మూత మీద రాయి పెట్టడం నేనే మర్చిపోయాను. అమ్మకి తెలిస్తే మావయ్యనీ నన్నూ కూడా బయటికి గెంటుతుందన్న భయంతో గోనెలన్నీ ఎత్తి చూశాను. చివరి గోనె కింద, తల లోపల దాచుకుని చుట్టగా పడుకుని ఉంది. నలుపు మీద తెల్ల పట్టీలు. అమ్మయ్య! రెండు చేతులతో ఎత్తుకున్నాను. తోక ఆడించలేదు, కంపు కొట్టలేదు, తలైనా ఎత్తలేదు. తప్పు చేసి దొరికిపోయి సిగ్గుపడుతోందనుకున్నాను. "రోజూ ఇలా ఉంటే నీ సొమ్మేం పోయింది?" అని బుద్ధి చెప్పి, డబ్బాలో పెట్టి, ఈసారి రాయి కూడా పెట్టాను.

చేతులు దులుపుకుంటుండగా వంటింట్లోంచి కేక.

"ఒరే! నీ పాము బియ్యం డబ్బా ఎనకాల దూరింది! ఒచ్చి తీసుకెళ్లు!"

"కింగ్ డబ్బాలో ఉందమ్మా. ఇప్పుడే పెట్టేను."

"డబ్బాలోది అదైతే మరి ఇదేటి?"

అమ్మ చూసింది ఏ తాడుముక్కో అయ్యుంటుందని నవ్వుకుంటూ వెళ్లి, బియ్యం డబ్బా వెనక చెయ్యి పెట్టాను. గడగడమని తోక. గుప్పుమని కంపు. చటుక్కున బొటనవేలు దొరకబుచ్చుకుంది. సందేహం లేదు, ఇదే కింగ్. దాన్ని ఓ ఖాళీ గోనెలో వేసి మూతి కట్టి, ఎదురింటికి పరిగెత్తాను.

కొయ్యూరు అడవుల నుంచి వచ్చి అక్కడ ఉంటున్న, పాముల సంగతి తెలిసిన తాత డబ్బా కన్నాల్లోంచి చాలాసేపు చూశాడు. "కట్లపామే. ఇది పగటేల ఇలాగే ఉంటాది బాబూ, ముట్టుకున్నా పలకదు. అలాగని ఎల్లకాలం పలకదనుకోకు" అన్నాడు. డబ్బాని కర్రకి కట్టుకుని ఊరవతలికి తీసుకెళ్లి వదిలేసి వచ్చాడు.

అమ్మ నా చేతుల్ని వెలుగులోకి లాగి చూసింది. బొటనవేలి మీద చుక్కలున్నాయి. కింగువేనని నేను ప్రమాణం చేశాను. "అన్నీ దానియ్యేనా? ఆ రెండోది కరిసినట్టు తెలీనే తెలీదంటారురా" అంది. నేను ప్రమాణం ఆపేశాను. ఆస్పత్రిలో డాక్టరుగారు పడుకోబెట్టి, అరగంటకోసారి కనురెప్పలెత్తి చూశారు. రెప్పలు వాలితే ప్రమాదమని ఆయన అన్న పాపానికి, అమ్మ నన్ను రెప్ప వెయ్యనివ్వలేదు. "కళ్లు తెరువురా నాయనా, నన్ను సూడు." నేను కళ్లు పెద్దవి చేసి చూస్తూనే ఉన్నాను. అమ్మ మొహంలో అంత భయం ఎప్పుడూ చూడలేదు. బాగానే ఉన్నానని చెప్పబోతే గొంతు రాలేదు. విషమేమోనని ఇద్దరం హడలిపోయాం. ఏడుపని డాక్టరుగారు తేల్చారు.

మర్నాడు పొద్దున్న ఇంటికి పంపించారు. ఊరినుంచి వచ్చి విషయం విన్న మావయ్య తలదించుకుని, కింగ్‌ని పట్టుకెళ్లి ఎవరికైనా ఇచ్చేస్తానన్నాడు. వద్దన్నది అమ్మే. "పోన్లే, ఉండనీ. అది నచ్చకపోతే కరిసి సెప్తాది" అంది. సెలవయ్యేదాకా కింగ్ మా ఇంట్లోనే ఉంది. ఆ తర్వాత దాన్ని మావయ్య తనతోనే తీసుకెళ్లిపోయాడు.

పాములు మచ్చికవుతాయా అని ఇప్పుడెవరైనా అడిగితే తెలీదండీ అంటాను. ఆ జవాబుకి రావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అప్పుడప్పుడు ఆ పాకలో నిలబడి, కట్లపామును రెండు చేతులతో పట్టుకుని ముద్దుగా మందలిస్తున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వెనకనుంచి వెళ్లి భుజం తట్టి, నాయనా, నీకు ఏమీ తెలియదురా అని చెప్పాలనిపిస్తుంది. కానీ ఊరుకుంటాను. చేతుల్లో పాముండగా ఎవరినీ ఉలిక్కిపడేలా చేయకూడదు.