బన్నులో కూర

కొత్తగూడలో మా పక్క గదిలో కిరాయికుండే అక్క ఆదివారమొస్తే బన్ను పైభాగం కోసి, లోపలి మెత్తటి రొట్టె తీసేసి, ఆ గుంతలో ఆలుగడ్డ కూర కూరి, పెనం మీద కాల్చి మాకు పెట్టేది. తీసిన మెత్తటి రొట్టె మాత్రం పాలలో నానబెట్టి, నోటి క్యాన్సర్‌తో మంచం పట్టిన భర్తకు తినిపించేది.

వాసన తగలగానే ఆయన బతిమాలేవాడు. "జర కూర గూడ కలుపే."

"నోరు మండుతది. బాగైనంక తిందువు," అనేది ఆయన మొహం చూడకుండా. డాక్టర్లు చేతులెత్తేశాక కూడా అదే మాట.

ఆయన పోయాక, పిట్టకు పెట్టే రోజున నేనూ మేడ మీదికి వెళ్లాను. విస్తరిలో అన్నం పక్కన ఆమె నిండా కూరిన బన్ను పెట్టింది. కూర ఎర్రగా, కారంగా పొగలు కక్కుతోంది. అందరూ కాకి కోసం పైకి చూస్తుంటే, ఆమె విస్తరికేసి చూస్తూ మెల్లగా అంది.

"ఇగ మండదు. తిను."