ఆయన కోసం ఎక్కిన కోట

మొన్న మా కోరుట్ల వాడకట్టు ఆడవాళ్లంతా కలిసి మహారాష్ట్ర యాత్రకు బస్సు మాట్లాడుకున్నారు. దేవుళ్లతో పాటు దారిలో ఒక కొండమీది కోటను, ఆ కొండనే తొలిచి వెనకటి బౌద్ధ సన్యాసులు ఏర్పరచుకున్న మఠాన్ని కూడా చూపిస్తారట. నువ్వు కూడా రావాలక్కా అని అందరూ పట్టుబట్టారు గానీ, కోట పేరు వినగానే నాకు పోబుద్ధి కాలేదు. ఆ కోట నేను చూశాను. చూడాలని పోయి చూసింది మాత్రం కాదు.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. మా ఆయనది సిరిసిల్ల, మరమగ్గాల మీద పని. మగ్గాలు వారంలో మూడు రోజులు ఆగి, తర్వాత మొత్తానికే ఆగిపోయి, ఇంటికొక మగమనిషి మగ్గాల పని కోసం మహారాష్ట్రలోని భివండి బస్సెక్కుతున్న రోజుల్లో ఆయనా ఎక్కాడు. మొదటి ఏడాది నెలకో ఉత్తరం వచ్చేది, తర్వాత పండుగకో ఉత్తరం, ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఏమీ లేదు. నేను కోరుట్లలో పుట్టింటికి చేరి బీడీలు చుడుతుండేదాన్ని. పోస్టుమాన్ సైకిలు మా గడప దాటిపోయేదాకా చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయేది.

అట్లాంటప్పుడు భివండి నుంచి వచ్చిన సిరిసిల్ల మనిషి ఒకతను, అక్కడికి రెండు బస్సులు మారేంత దూరంలో ఉన్న ఒక కోటలో తెలుగు మనిషి కాపలా ఉంటున్నాడనీ, పొడుగ్గా ఉంటాడనీ, ఎవరితోనూ మాట్లాడడనీ చెప్పాడు. మా ఆయన పొడుగరి. నాకు అంతకంటే సాక్ష్యం అక్కరలేకపోయింది.

మా అన్నను వెంటబెట్టుకుని వెళ్లాను. అన్నకు ఉబ్బసం. కొండ మొదట్లో దర్వాజా దగ్గరే కూలబడి, "నువ్వు పో చెల్లె, నేను నిమ్మలంగ అస్త" అన్నాడు. ఒక్కదాన్నే ఎక్కాను. బురుజులు, గోడల్లో మొలిచిన గడ్డి, తలుపుల్లేని దర్వాజాలు, ఏవీ నా కంటికి ఆనలేదు. ఆయన కనబడితే ముందు ఏడవాలా, కోపం చేయాలా అన్నదొక్కటే ఆలోచన. సగం కొండ దాటాక రాతిలో వరసగా చిన్నచిన్న గదులు వచ్చాయి. ఒక్కోదాంట్లో ఒక మనిషి పడుకునేంత రాతి అరుగు. ఇల్లూ వాకిలీ విడిచి వచ్చినవాళ్ల కోసం చేసినవని తర్వాత ఎవరో చెప్పారు. ఆ రోజు మాత్రం ఆయన వీటిలో ఎక్కడ ఉన్నాడోనని ఒక్కొక్కదాంట్లోకి తొంగిచూస్తూ పోయాను.

చివరి గది ముందు ఒక మనిషి అటు తిరిగి ఊడుస్తున్నాడు. అదే ఎత్తు, అవే వంగిన భుజాలు. మా దిక్కు ఆడవాళ్లు భర్త పేరు నోట పలకరు. నేనూ అప్పటిదాకా పలకలేదు. ఆ రోజు పేరుపెట్టి గట్టిగా పిలిచాను. రాతిగదులన్నీ ఆ పేరును మళ్లీ పలికాయి. ఆ మనిషి తిరిగాడు.

మా ఆయన కాదు.

ఉన్నచోటే కూలబడ్డాను. అతను నీళ్లు తెచ్చిచ్చి, "ఏ ఊరు బిడ్డా? ఎవలకోసమచ్చినవ్?" అని అడిగాడు. అంతదూరాన మన మాట వినేసరికి నాకు ఏడుపు ఆగలేదు. చెప్పాను. అతనిది మా కోరుట్ల దగ్గరి కథలాపూర్, కల్లు గీసే ఇల్లు. తాడిచెట్టు మీంచి పడి కుడిచెయ్యి విరిగి సరిగా అతకలేదు. చెట్టెక్కలేనివాణ్ని కూర్చోబెట్టి ఎవరు మేపుతారని ఎవరో అన్న మాట మనసులో పెట్టుకుని, భార్యకు, ఆరేళ్ల కూతురికి చెప్పకుండా వచ్చేశాడట.

"నన్ను జూసిననని ఊర్లె చెప్పకు బిడ్డా. ఏ మొకం పెట్టుకొని పోవాలె?"

మా ఆయన మీద దాచుకున్న కోపమంతా అతని మీదికి వచ్చింది. "నీ మొకం సంగతే జూసుకుంటున్నవ్ కాకా. నాలెక్క గామె ఏ గుట్టలెక్కుతున్నదో నీకెరుకేనా? నేను చెప్త. ఆమె అచ్చేదాక ఈడ్నే ఉండు" అన్నాను.

అతను తన రొట్టె విరిచి సగం నా చేతిలో పెట్టాడు. ఆకలి మీదున్నాను, తిన్నాను.

అన్నతో తిరిగొస్తూ ఇంటికి పోకుండా ముందు కథలాపూర్‌లో దిగాను. సంగతి చెప్తే అతని భార్య ఏడవలేదు, తిట్టలేదు. "అన్నం దింటున్నడా?" అని మాత్రం అడిగింది. తన తమ్ముణ్ని తీసుకుని పోయి భర్తను తెచ్చుకుంది. ఆ కబురు విన్న పూట నేను చాట ముందేసుకుని కూర్చున్నాను గానీ ఒక్క బీడీ చుట్టలేదు. ఆమె మీద అసూయ పడ్డానని ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను.

మా ఆయన కోసం భివండికి ఇంకో రెండుసార్లు పోయాను. జాడ దొరకలేదు. పెద్దలు పుస్తె తీసెయ్యమన్నారు. ఆయన ప్రాణం పోయింది చూసినవాళ్లెవరని అడిగాను, మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అంగన్‌వాడీలో పని దొరికి, ఊరి పిల్లలను ఆడిస్తూ నా వయసు గడిచిపోయింది. కథలాపూర్ వాళ్లు ప్రతి పండుగకూ పిలిచేవారు. నేను గడపలో అడుగుపెట్టగానే ఆ కాక, భార్య పక్కనుంచి లేచి, ఏదో పనున్నట్టు బయటికి పోయేవాడు. నా ముందు ఆమె పక్కన కూర్చోవడానికి అతనికి మనసొప్పేది కాదు. అది తెలిసి నేనే పోవడం తగ్గించాను.

ఇప్పుడు దుబాయికి పోయినా, బొంబాయికి పోయినా పిల్లలు పొద్దుమాపు ఫోనులో మొహం చూపిస్తున్నారు. ఏం వండుకున్నారో, ఎక్కడ పడుకున్నారో ఇక్కడి ఆడవాళ్లకు తెలుస్తోంది. మనిషి జాడ తెలియకుండా పోవడం ఈ రోజుల్లో అంత సులువు కాదు. మంచిదే. ఊళ్లోకి ఫోన్లు వచ్చిన కొత్తలో నేనూ ఒకటి కొనుక్కున్నాను. ముందుగా ఎవరి నంబరు ఎక్కించాలమ్మా అని దుకాణమతను అడిగితే, చాలాసేపు ఆలోచించి, మా అన్నది చెప్పాను.