సభ ముందు కాలిన ట్రాన్స్‌ఫార్మర్

ట్రాన్స్‌ఫార్మర్ కాలితే కరెంటు వాళ్లు వచ్చి తీసుకుపోతారని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. మా వైపు రైతులే దాన్ని దింపాలి, రైతులే ట్రాక్టరుకు ఎత్తాలి, రైతులే నంద్యాలలోని కరెంటు శాఖ మరమ్మతు షెడ్డుకు చేర్చి, బాగయ్యేదాకా అక్కడి వాళ్ల గడ్డం పట్టుకుని బతిమాలాలి. దొర్నిపాడు దగ్గర మా బోరుకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ కాలింది. అంతకుముందు కాలినప్పుడు వేసవంతా షెడ్డులోనే పడి ఉంది. ఈసారి వరి పొట్టమీద ఉంది, వెన్ను తీయబోతోంది. ఇంకొన్నాళ్లు నీళ్లు తగలకపోతే ఆ పైరును పశువులకు కోసి వేయడమే.

నేనప్పుడు నంద్యాలలో డిగ్రీ చదువుతున్నాను. ఇళ్ల కరెంటు ఛార్జీలు పెంచబోతున్నారని పేపర్లో వచ్చింది. సేద్యపు మోటార్లు కరెంటు తెగ తాగుతున్నాయని ప్రభుత్వ సొమ్ముతో చేసిన పరిశోధనలో తేలిందట, ఆ ఖర్చు ఇళ్ల బిల్లుల్లో రాబట్టాలట. మా మోటార్లకు మీటర్లు లేవు కాబట్టి అక్కడక్కడా కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు బిగించి, వాటిని బట్టి అందరి వాడకాన్నీ లెక్కకట్టారు. అలా బిగించిన వాటిలో మాదీ ఒకటి. కరెంటాఫీసుకు వెళ్లి ఆ నివేదిక అడిగి చదివాను. షెడ్డులో పడి ఉన్న వేసవిలోనే మా ట్రాన్స్‌ఫార్మర్ బ్రహ్మాండంగా కరెంటు లాగిందట!

ఇంటికొచ్చి నాయనకు చెబితే ముందు నమ్మలేదు, తర్వాత ఒళ్లు మండిపోయింది. ఛార్జీలు పెంచేముందు జనం మాట వినే సభ మరుసటి రోజే నంద్యాలలో ఉంది.

"షెడ్డుకు ఎట్లాగూ పోతాండాం గదా. అట్లే సభకూ పోదాం" అన్నాడు.

"పైరు ఎండతాంది. నేరుగా షెడ్డుకే పోండి, యాడా నిలబడొద్దు" అని అమ్మ మరీ మరీ చెప్పింది.

మేము నిలబడ్డాం. ఆళ్లగడ్డ నుంచి తెచ్చిన బాడుగ ట్రాక్టరును సభ జరిగే కల్యాణ మండపం ఎదుటే ఆపాం. లోపల పట్నం వాళ్లు మా మీదే నిప్పులు కక్కుతున్నారు. "రైతులు మోటార్లు ఆడిస్తాంటే బిల్లులు మేం కట్టాల్నా?" అని ఒక కిరాణా కొట్టాయన అరుస్తున్నాడు. ఆయన్ని తప్పుపట్టను, ఆయనకు చెప్పింది అదే మరి. మమ్మల్ని ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పి, వేదిక మీది పెద్దమనుషులు చల్లగా బిస్కెట్లు తింటున్నారు.

నాయన మైకు అందుకున్నాడు. "సార్, బయట ట్రాక్టర్లో ఉండేది మీ పరిశోధనలోని ట్రాన్స్‌ఫార్మరే. పోయిన ఎండాకాలమంతా మీ షెడ్డులోనే ఉండె. ఆడ పండుకొని అంత కరెంటు ఎట్లా తాగిందో చెప్పండి."

"అవి సగటు లెక్కలు. మీకు అర్థం కావు" అన్నాడు వేదిక మీది అధికారి. "ముందు ఆ సామాను అక్కడి నుంచి తీయించండి."

నేను నాయన చేతిలోంచి మైకు లాక్కున్నాను. "అర్థమయ్యేట్టు చెప్పడానికే కదా మీరొచ్చింది? ఆ పరిశోధనకు పెట్టిన సొమ్ము జనానిది. దాన్ని చూపించి పెంచే బిల్లూ జనమే కట్టాలి. లేని ట్రాన్స్‌ఫార్మర్‌కు మీటరు చూసిందెవరు?"

కిరాణా కొట్టాయన బయటికి వెళ్లి ట్రాక్టరు చూసొచ్చాడు. "ఆ పాప అడిగేదానికి జవాబు చెప్పండి సార్. మా బిల్లు కూడా దాంట్లోనే ఉండాది" అన్నాడు. ఆయన వెనకాల ఇంకొంతమంది లేచారు. రాతపూర్వకంగా తెలియజేస్తామని చెప్పి అధికారి మైకు ఆపించేశాడు. మేము కదలకుండా కూర్చున్నాం. సాయంత్రం దీపాలు ఆర్పేసి అందరూ వెళ్లిపోయాక లేవక తప్పలేదు. షెడ్డుకు వెళ్తే గేటు మూసి ఉంది.

ట్రాన్స్‌ఫార్మర్‌తోనే వెనక్కి వచ్చిన మమ్మల్ని చూసి అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు ఎన్ని తిట్టినా పడటానికి నేను సిద్ధంగానే ఉన్నాను.

"ఏం జెప్పిరి?" అని అడిగింది.

"ఏమీ చెప్పలేదు. రాసి పంపుతారంట" అన్నాడు నాయన.

"పైరును ఎండబెట్టి పోయినారు గదా. వాళ్లు జవాబు చెప్పకముందే ఎందుకొచ్చినారు?" అంది అమ్మ.

మరుసటి పొద్దున ట్రాక్టరు షెడ్డుకు బయలుదేరితే తనూ ఎక్కింది. నంద్యాల కరెంటాఫీసు దగ్గర ఆపించి దిగింది. జవాబు చెప్పేదాకా లేవనని మెట్ల మీద కూర్చుంది.