బ్రేకు లేని సీటు

డిపోలో అతన్ని అందరూ వెన్నపూస అనేవాళ్లు. ఒళ్లు మెత్తనని కాదు, మనిషి మెత్తనని అసలే కాదు. అతను బస్సు ఆపితే ఆగినట్టు తెలిసేది కాదు. నిలబడ్డ ముసలివాళ్లు కూడా కమ్మీ పట్టుకోవడం మరిచి కబుర్లలో పడేవాళ్లు. కొత్తగా చేరిన డ్రైవర్లకు అతను చెప్పే పాఠం ఒక్కటే. "బ్రేకు కాలితో కాదురా, కంటితో వెయ్యాలి. ముందే చూసినవాడికి గట్టిగా తొక్కే పని పడదు." చివరికి ఆ చూపే అతన్ని మోసం చేసింది.

ఒక మధ్యాహ్నం బస్సు నడుపుతుండగా ఎడమకంటి చివర నల్లటి నీడ ఒకటి కదిలింది. ఎవరో అడ్డం వస్తున్నారనుకుని అటు చూశాడు. అంతవరకే గుర్తు. తెలివొచ్చేసరికి రోడ్డు పక్కన పడుకోబెట్టి ఉన్నారు, చొక్కా గుండీలు విప్పి ఉన్నాయి, నాలుక కొరుక్కుని నోరంతా రక్తం. బస్సు ఒక ప్రహరీగోడకు ఆనుకుని ఆగి ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. డాక్టరు పరీక్షలన్నీ చేసి మూర్ఛ అన్నాడు. ఆ నీడ నిజంగా ఉన్నది కాదని, మూర్ఛ రాబోయే ముందు కొందరికి అలాంటివి కనిపిస్తాయని చెప్పాడు. పూటకో మాత్ర రాసిచ్చి, ఇక ఈ జన్మలో స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు.

వైకల్య పింఛను వచ్చింది. "కూర్చోబెట్టి తిండి పెడతారట, నీ అంత అదృష్టవంతుడెవడు!" అని తోటివాళ్లు భుజం తట్టారు. అలా తట్టిన ప్రతివాడినీ పట్టుకుని ఒక్క నెల ఊరికే కూర్చోబెట్టాలి. అప్పుడు తెలుస్తుంది అదృష్టం ఎన్ని మూరలుంటుందో.

భార్య ఒక ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో పని చేసేది. మంచి మనిషి, కాకపోతే భయస్తురాలు. జబ్బు పేరు వినగానే మొట్టమొదట స్నానాలగది గడియ ఊడబెరికింది. బల్ల అంచులకు పాత గుడ్డలు చుట్టింది. తను లేనప్పుడు పొయ్యి వెలిగించకూడదని ఒట్టు వేయించుకుంది. స్నానం తను ఇంట్లో ఉండగానే చెయ్యాలి, చేస్తున్నంతసేపూ పాట పాడుతూ ఉండాలి. పాట ఆగితే పరుగెత్తుకొచ్చి తలుపు తోసేది. జన్మలో కూనిరాగం కూడా తియ్యనివాడు ఒంటి మీద చెంబెడు నీళ్లు పోసుకోవడానికి గొంతెత్తి పాడాల్సి వచ్చింది. ఒకరోజు సబ్బు నోట్లో పడి ఆగాడు. ఆవిడ వచ్చేసింది. "చావలేదులే, ఫో!" అని అరిచాడు.

లోకానికి జబ్బంటే కళ్లకు కనిపించాలి. కాలో చెయ్యో లేకపోతే అయ్యో అంటుంది, ఏ వంకా కనబడకపోతే ముక్కున వేలేసుకుంటుంది. "మనిషి చూస్తే గుండ్రాయిలా ఉన్నాడు, ఈయనకేం మాయరోగం?" అని పక్కింటావిడ మెట్ల మీద ఎవరితోనో అనడం అతను తలుపు వెనక నుంచి విన్నాడు. నిజంగానే గుండ్రాయిలా ఉన్నాడు. పగలంతా ఆ రాయి మంచం మీద పడి పైకప్పు చూస్తుండేది. టీవీ పెడితే విసుగొచ్చేది, తీసేస్తే భయమేసేది. డిపోకి వెళ్లి కూర్చుంటే మొదట్లో టీ ఇచ్చారు, తరవాత కుర్చీ మాత్రం చూపించారు, ఆ తరవాత "ఏంటన్నా ఇలా వచ్చావ్?" అని అడిగారు. ఆ మాట అడిగిన చోటికి మానం ఉన్నవాడు మళ్లీ వెళ్లడు.

మిగిలింది బస్సు. పింఛనుతో పాటు బస్సు పాసు ఉచితంగా ఇచ్చారు. తను నడిపిన రూటు బస్సే ఎక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చోవడం మొదలుపెట్టాడు. మలుపు వచ్చినప్పుడల్లా కుడికాలు దానంతటదే నేలను నొక్కేది. అక్కడ బ్రేకు లేదని ఆ కాలికి ఎంతకీ అర్థం కాలేదు. అప్పుడు ఆ బస్సు నడుపుతున్నది అతని దగ్గరే పని నేర్చుకున్న కొత్త డ్రైవరు. ఇంకా ఉద్యోగం ఖాయం కాలేదు, ఇంట్లో పసిబిడ్డ. గురువు వెనకే కూర్చుంటే వాడికి వణుకు. "అన్నా, నువ్వు వెనక కూచుంటే నా మెడ కాలుతున్నట్టుంటది" అనేవాడు నవ్వుతూ.

ఆ బస్సులోనే టీచరుగారు తగిలారు. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, వెనకా ముందూ ఎవరూ లేరు. రెండు కిడ్నీలూ పాడై రోజు విడిచి రోజు డయాలసిస్‌కి ఆస్పత్రికి వెళ్లేది. వెళ్లేటప్పుడు నడిచేది, వచ్చేటప్పుడు తూలేది. ఒకరోజు తూలుతుంటే అతను లేచి చెయ్యి అందించాడు.

"చెయ్యి పట్టుకోమని అడిగానా నిన్ను?" అంది ఆవిడ.

"పడిపోతారేమోనని..."

"పడితే నేను పడతాను. సాయం చెయ్యాలనుంటే ఈ సంచి పట్టుకో."

పట్టుకున్నాడు. అదే ఉద్యోగమైంది. ఆవిడ ఇంటి దగ్గర స్టాపులో నిలబడి ఎక్కించేవాడు, ఆస్పత్రి బెంచీ మీద కాపలా కూర్చునేవాడు, తిరిగి ఇంటి గుమ్మం దాకా దింపేవాడు. ఆవిడ ఒక్కనాడు కూడా థాంక్స్ చెప్పిన పాపాన పోలేదు. సంచి నేల మీద పెడితే తిట్టేది, చంకలో పెట్టుకుంటే తిట్టేది. అతనికి మాత్రం ఆ తిట్లు జీతంలా ఉండేవి. పొద్దున్నే లేచి గడ్డం గీసుకోవడం, చొక్కా ఇస్త్రీ చేసుకోవడం చూసి భార్య లోలోపల సంతోషించింది. స్నానంలో పాట కూడా కాస్త శ్రుతిలో పడింది.

ఇక్కడే ఒక తెలివితక్కువ పని చేశాడు. పొద్దుటి మాత్ర వేసుకుంటే మధ్యాహ్నం దాకా కళ్లు మూతలు పడేవి. ఒకసారి బెంచీ మీద అలాగే నిద్రపోయాడు, ఆవిడ ఒంటరిగా గోడ పట్టుకుని గేటు దాకా నడిచింది. ఆ సిగ్గు అతన్ని తినేసింది. మత్తు మందు వేసుకుని డ్యూటీ ఎక్కకూడదని పాతికేళ్లపాటు నమ్మిన మనిషి. డ్రైవరు బుద్ధి ఎక్కడికి పోతుంది? అందుకని టీచరుగారి రోజుల్లో పొద్దుటి మాత్ర మానేశాడు. భార్య ఎదురుగా నోట్లో వేసుకుని, ఆవిడ తిరగగానే జేబులోకి ఉమ్మేసేవాడు. డ్యూటీ కోసం మెలకువగా ఉంటున్నాననే అనుకున్నాడు తప్ప, తప్పు చేస్తున్నాననుకోలేదు.

ఆ రోజు ఆస్పత్రి నుంచి తిరిగి వస్తున్నారు. స్టాపు దగ్గరపడింది. టీచరుగారు ఎప్పటిలాగే తొందరపడి ముందే లేచింది. అతను సంచితో వెనకే నిలబడ్డాడు. ఎడమకంటి చివర నల్లగా ఏదో కదిలింది. మనిషి, బస్సు ముందుకి, అడ్డంగా.

"బ్రేక్! మనిషిరా!" అని అరిచాడు.

కొత్త డ్రైవరు ఆలోచించలేదు. గురువు గొంతు విన్నాడు, రెండు కాళ్ల మీదా లేచి తొక్కాడు. టీచరుగారు గాలిలో లేచినట్టు లేచి ముందున్న ఇనుప కమ్మీకి కొట్టుకుని కింద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినపడింది. జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూశారు. బస్సు ముందు ఎవరూ లేరు. రోడ్డు ఖాళీ.

అతనికి మూర్ఛ రాలేదు. వస్తే బాగుండేది, కనీసం ఎవరికైనా అర్థమయ్యేది. నీడ వచ్చి, పలకరించి, వెళ్లిపోయింది. సంచి చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ గోలలో అరుపు ఎవరిదో ఎవరూ పట్టించుకోలేదు, జనమంతా డ్రైవరు మీద పడ్డారు. "కళ్లు నెత్తికెక్కాయా? ఎవడిచ్చాడురా నీకు ఉద్యోగం?" ఆ కుర్రవాడు గురువు వైపు ఒకసారి చూశాడు, తల దించుకున్నాడు. ఎవరు అరిచారో చెప్పలేదు.

డిపోలో విచారణ జరిగింది. బస్సు కెమెరాలో ఖాళీ రోడ్డు తప్ప ఏమీ కనిపించలేదు. కొత్త డ్రైవరు "నేనే పొరబడ్డాను సార్" అని రాసిచ్చాడట. ఉద్యోగం ఇక లేనట్టే. ఈ సంగతి తెలిసి అతను ఇంట్లో మింగలేక కక్కలేక కూర్చున్నాడు. ఊరుకుంటే సీటు తనది, రూటు తనది, రేపు బస్సు ఎక్కొచ్చు. నోరు విప్పితే మళ్లీ ఆ మంచం, ఆ పైకప్పు. ఉన్నమాట చెప్పాలి, అతను మర్నాడు పొద్దున కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కాడు. వెనక సీట్లో కూర్చున్నాడు. బండి నడుపుతున్నది ఇంకెవరో. కాలు నేలను నొక్కుతూనే ఉంది. రెండు స్టాపులు దాటాక ఇక కూర్చోలేక దిగిపోయి, నడుచుకుంటూ డిపో మేనేజరు గదికి వెళ్లాడు.

"అరిచింది నేను సార్. రోడ్డు మీద ఎవరూ లేరు. నా జబ్బుకి కనపడ్డదంతే. మాత్రలు కూడా మానేశాను. వాడు నా మాట నమ్మి తొక్కాడు, అది వాడి తప్పెలా అవుద్ది?"

మేనేజరు ఒకప్పుడు అతని బస్సులోనే కాలేజీకి వెళ్లిన మనిషి. "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు" అన్నాడు. "ఇప్పుడు తెలిశాక ఊరుకోలేను. పక్కన తోడు లేకుండా నువ్వు ఇక బస్సెక్కకూడదు. ఆ పాసు ఇటివ్వు."

ఇచ్చేశాడు. కొత్త డ్రైవరు ఉద్యోగం నిలబడింది. సాయంత్రం ఇంటికొచ్చిన భార్యకు జరిగిందంతా చెప్పాడు. ఆవిడ చొక్కాల జేబులు తిరగేసింది. అడుగున అతుక్కుపోయిన మాత్రల పొడి గోళ్లతో గీరి చూసింది.

"ఎవరి సంచో మొయ్యడానికి మందులు మానేశారా?" అంది. "నేను రోజూ ఆస్పత్రిలో శవాల మీద కప్పిన దుప్పట్లు ఉతుకుతానండీ. ఉతికినప్పుడల్లా ఇది మీది కాదు కదా అనుకుంటాను. మీకేమో సంచి ముఖ్యం." కొట్టలేదు, అరవలేదు, కూర్చుని ఏడ్చింది. ఆ ఏడుపు ముందు మేనేజరు మాట ఒక లెక్కా? అప్పటినుంచి పూటపూటకీ మాత్ర తనే నోట్లో వేసి, "నాలిక ఎత్తండి" అని చూసి మరీ వదిలేది. అతను చిన్నపిల్లవాడిలా ఎత్తి చూపించేవాడు.

టీచరుగారిని ఆస్పత్రిలోనే ఉంచేశారు. తుంటి ఎముక విరిగింది. కిడ్నీలు అలా ఉండగా ఆపరేషను చెయ్యలేమన్నారు. ఇక నడక లేదని అందరికీ తెలుసు, అందరికంటే ముందు ఆవిడకే తెలుసు. అతను నడిచి వెళ్లాడు. చాలా దూరం. వార్డులోకి వెళ్లి మంచం పక్కన నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. నీడ సంగతి, మాత్రల సంగతి, అన్నీ. ఆవిడ కళ్లు ఆర్పకుండా వింది.

"అంటే నేను పడిపోకుండా పట్టుకోవడానికని నీ మందు మానేసి, నన్ను పడేశావన్నమాట."

"అంతేనండి."

"నీకు లెక్కలు ఎవరు చెప్పారయ్యా?" అంది. ఆ తరవాత మొదలుపెట్టింది. దద్దమ్మ అంది, దున్నపోతు అంది, బడిలో పిల్లల మీద కూడా వాడి ఉండదు అలాంటి మాటలు. పక్క మంచాలవాళ్లు తల తిప్పి చూశారు. అతను తల వంచుకుని అన్నీ విన్నాడు. చివరికి ఆవిడకు ఆయాసం వచ్చింది. అతను వెళ్లబోయాడు.

"ఎక్కడికి? నా కోపం తీరిందని చెప్పానా? రేపు రా. తీరేదాకా రా. నువ్వు పాడుచేసిన కాళ్లు పెట్టుకుని పొద్దల్లా ఎవరి మొహం చూస్తూ పడుండాలి నేను?"

మర్నాడు వెళ్లాడు, ఆ మర్నాడూ వెళ్లాడు. వెళ్లి నీళ్లు పట్టేవాడు, దిండు సరిచేసేవాడు, తిట్లు తినేవాడు. భార్యకు మొదట అర్థం కాలేదు. "తిట్లు తినడానికి అంత దూరం నడిచి వెళ్తున్నారా?" అని అడిగింది.

"ఆవిడకి తిట్టుకోడానికి నేను తప్ప ఎవరున్నారు?" అన్నాడు.

భార్య అతని నాలిక ఎత్తించి చూసి, గొడుగు చేతికిచ్చింది.

అలా ఎండలు పోయి వానలు పట్టాయి. టీచరుగారు దిండులో దిండయిపోయింది. తిట్లు పొట్టివయ్యాయి. ఇక ఎన్నాళ్లో ఉండదని నర్సు వరండాలోకి పిలిచి చెప్పింది. ఆ రోజు అతను వెళ్లేసరికి ఆవిడ కళ్లు మూసుకుని ఉంది. గుండె పైకీ కిందికీ ఆడుతోంది, అంతే. స్టూలు మీద కూర్చున్నాడు. ఒక తిట్టు కోసం ఎదురు చూశాడు. గ్లాసు కావాలనే చప్పుడయ్యేలా పెట్టాడు. ఉలుకూ పలుకూ లేదు. అతనికి ఎన్నడూ వెయ్యనంత భయం వేసింది.

"టీచరుగారూ," అన్నాడు. "ఏదో ఒకటి అనండి. నేనొచ్చాను."

ఆవిడ కళ్లు తెరవలేదు. పెదవులు మాత్రం కదిలాయి. అతను వంగి చెవి పెట్టాడు.

"ఇవాళ ఓపిక లేదురా. నిన్న తిట్టినవి గుర్తున్నాయిగా... అవే అనుకుంటూ కూచో. వెళ్లిపోకు."

అతను స్టూలు ఇంకాస్త దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.