గల్లీ కుక్కకు బెల్టు కట్టిన పుణ్యం

ఇప్పుడంటే నా వాట్సాప్ ఫోటోలో ఏముందో నాకే గుర్తుండదు గానీ, కొత్తగా జీతం ముఖం చూసిన ఆ రోజుల్లో ఆ ఫోటో నాకు ప్రాణంతో సమానం. నారాయణఖేడ్‌లో ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో అప్పుడే పనికి కుదిరాను. పని అంటే ఫోన్ల మీద ప్లాస్టిక్ కాగితం బుడగలు రాకుండా అతికించడం (చుట్టాల దగ్గర మాత్రం ‘టెక్నికల్ లైను’ అని చెప్పుకునేవాణ్ణి). ఒకరోజు హైదరాబాదు గిరాకీ ఒకాయన ఫోను ఇచ్చాడు. తెర మీద నల్లకళ్ళద్దాలతో ఆయన, పక్కన మెడకు బెల్టుతో ఏనుగుపిల్లంత కుక్క. దర్జా అంటే అదీ అనిపించింది. నల్లకళ్ళద్దాలు నా దగ్గర ఎలాగూ ఉన్నాయి. ఇక లోటల్లా కుక్కే.

జాతికుక్కను కొనే తాహతు నాకు లేదు. కానీ మా గల్లీలో ఒక నల్లకుక్క ఉండేది. అది ఎవరిదీ కాదు, అందరిదీ. ఏ ఇంట్లో రొట్టెలు చేసినా చివరి జొన్నరొట్టె దానిది, రాత్రయితే అన్ని గడపల కాపలా దానిది. మా అమ్మ దాన్ని ‘కర్రిగా’ అని పిలిచేది. పక్కింట్లో కోళ్ళు పెంచే ముసలామె (మేమంతా కోళ్ళవ్వ అనేవాళ్ళం) ‘దొంగసచ్చినోడా’ అనేది. ఎదురింటి కంపౌండర్ కాక ‘హట్’ అనేవాడు. పాపం అది మూడు పేర్లకూ తోక ఊపేది. నేను అంగడికి పోయి ఎర్రటి బెల్టు కొనుక్కొచ్చి దాని మెడకు కట్టి, టైగర్ అని నాలుగో పేరు పెట్టాను. అమ్మ రొట్టె కొడుతూనే ఒక మాట చెప్పింది. “కొడుకా, గల్లీ కుక్కకు గల్లీ అంత అయ్యవ్వలే. నువ్వు మెడకు బెల్టు కడితె ఇగ నీకొక్కనికే అయితది. మంచిగ సోంచాయించుకో.” కళ్ళద్దాలు పెట్టుకున్నవాడికి అమ్మ మాటలు వినిపిస్తాయా? మా దుకాణంలో తోటివాడితో ఫోటో తీయించుకున్నాను. ఆ పూట నా అంతవాడు ఖేడ్‌లో లేడు.

మర్నాడు పొద్దున టైగర్ ఎప్పటిలాగే ఇల్లిల్లూ తిరిగింది. ఒక్క గడపలోనూ రొట్టె ముక్క పడలేదు. ఖాళీ మూతితో తిరిగొచ్చి నా ముందు కూర్చుంది. నేను కోళ్ళవ్వ దగ్గరికి పోయాను.

“ఏంది అవ్వా, రొట్టె ఎయ్యలేదా?”

“నేనెందుకు ఎయ్యాలె పిలగా? బెల్టు కట్టుకున్నోడు పెట్టుకుంటడు. మంది కుక్కను మేపుతందుకు నేనేమన్న దొరసానినా?”

మంది కుక్క అంటే పరాయివాళ్ళ కుక్క. అలా గల్లీ అంతా కలిసి పెట్టే తిండి మా ఒక్క ఇంటి మీద పడింది. (టైగర్ ఆకలి మాత్రం గల్లీ లెక్కనే ఉండేది.) అది అక్కడితో ఆగినా బాగుండేది. కుక్కకు యజమాని దొరికాడని తెలిసేసరికి పాత నేరాలన్నీ లేచి కూర్చున్నాయి. కోళ్ళవ్వే ముందుగా వచ్చింది, తన పుంజును తినేసిందని.

“ఎప్పుడు?”

“పోయినేడు మిరుగం కార్తె నాడు.”

“అప్పుడు దానికి బెల్టు లేదు గదా అవ్వా!”

“బెల్టు లేకుంటేంది, పండ్లు గవే గద!”

అంగడికి పోయి పుంజు కొనిచ్చాను. తర్వాత కంపౌండర్ కాక ప్యాంటు పైకి మడిచి పిక్క మీద పాత గాటు చూపించాడు. “సూదులు నాకు నేనే ఇచ్చుకున్న, ఫీజు అడుగుత లేను, నొప్పి సంగతేంది?” అన్నాడు. ఆ గాటు టైగర్ పుట్టకముందుదని నా అనుమానం. అయినా ఆయన ఫోనుకు కొత్త గ్లాసు ఉచితంగా వేసి కాళ్ళబేరానికి వచ్చాను. ఆదివారం చర్చి బయట విడిచిన చెప్పుల్లో ఒకటి ఎత్తుకుపోయిందని మూలింటి చిన్నమ్మ వచ్చింది. ఒక్క చెప్పు ఎవడూ అమ్మడు కాబట్టి జత కొనిచ్చాను. అది మొరిగితే “మీ కుక్క పండనియ్యలే” అనేవారు, మొరగకపోతే “మీ కుక్క కావలి కాయలే” అనేవారు. పిచ్చి రాకుండా సూది వేయించడానికి పశువుల దవాఖానకు ఆటోలో తీసుకుపోతే ఆటోవాడు ఇద్దరి కిరాయి తీసుకున్నాడు. ఇదేమిటంటే, “సీటు మీద కూసున్నది గద” అన్నాడు. కొరివితో తల గోక్కోవడం ఎలా ఉంటుందో ఆ నెలలో నాకు బాగా తెలిసింది. ఎలాగైనా దీన్ని వదిలించుకోవాలని మనసులో గట్టిగా అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే కుక్కల బండి వచ్చింది. బెల్టు ఉన్న కుక్క జోలికి రారని, లేనిదాన్ని పట్టుకుపోతే ఇక తిరిగి రాదని గల్లీలో అనుకునేవారు. ఆ పొద్దునే అమ్మ, బెల్టు ఒరుసుకుని మెడ ఎర్రబడిందని దాన్ని విప్పి పసుపు రాసింది. నేను బయటికి వచ్చేసరికి టైగర్ వలలో ఉంది. చుట్టూ గల్లీ అంతా నిలబడి ఉంది.

“ఎవల్దిది?” అన్నాడు బండి మనిషి.

ఒక్క క్షణం నోరు మూసుకుంటే చాలు. రొట్టెలు, పుంజులు, చెప్పులు, ఆటో కిరాయిలు, అన్నిటికీ అక్కడితో సెలవు. నిజం చెప్పాలంటే నోరు మూసుకునే ఉన్నాను. ఇంతలో టైగర్ వలలోంచి నన్ను చూసి తోక ఊపింది. ఆ తోక వల కన్నంలో ఇరుక్కుంది, అయినా ఊపుతూనే ఉంది.

“నాదే!” అని అరిచాను. పరుగెత్తి బెల్టు తెచ్చి చూపించాను.

“బెల్టు చేతిల పట్టుకొని ప్రతొక్కడు నాదే అంటడు. నీదనేతందుకు గవాయి ఎవలున్నరు?” అన్నాడు.

గవాయి, అంటే సాక్ష్యం. నేను చుట్టూ ఉన్న ముఖాల వైపు చూశాను. అప్పుడు కోళ్ళవ్వ జనాన్ని తోసుకుంటూ, చంకలో పుంజుతో ముందుకొచ్చింది. “నేనున్న! గిదో, గీ పుంజును గీ పిలగాడే కొనిచ్చిండు. వాని కుక్క గాకుంటె ఊకెనే కొనిస్తడా?” కంపౌండర్ కాక నడిబజారులో ప్యాంటు మడిచి పిక్క చూపించాడు. చిన్నమ్మ కొత్త చెప్పులు రెండూ విప్పి చేత పట్టుకుంది. నన్ను నెల రోజులు పీల్చి పిప్పి చేసిన గల్లీ, ఆ పిప్పినే సాక్ష్యంగా చూపించింది. బండి మనిషి పుంజును, పిక్కను, చెప్పులను, చివరికి నన్ను చూశాడు. “ఇన్ని కథలు పడ్డ కుక్కను మేమేం జేస్కోవాలె? నువ్వే పరేషాన్ అవు” అని వల విప్పాడు.

సాయంత్రం కోళ్ళవ్వ గడప దగ్గర టైగర్ రొట్టె తింటోంది. నాకు ఆశ్చర్యం వేసింది.

“మంది కుక్క గద అవ్వా?”

“గవాయి చెప్పినంక మందిదెట్లయితది?” అంది ఆమె, నా వైపు చూడకుండానే.

ఆ తర్వాత టైగర్ నిండా ఏళ్ళు బతికి, ముసలిదై పోయింది. దాన్ని పూడ్చినప్పుడు అమ్మ, కోళ్ళవ్వ, కంపౌండర్ కాక తలా తాము పెట్టిన పేరుతో పిలిచి ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఇంతా చేసి, ఏ ఫోటో కోసం ఆ బెల్టు కట్టానో ఆ ఫోటో ఇంకా నా ఫోనులో ఉంది. అందులో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, ఛాతీ విరిచి, తెర నిండా నేనే ఉన్నాను. ఓ మూలన టైగర్ చెవి ఒక్కటే పడింది. అప్పుడు అది చాలనుకున్నాను. ఇప్పుడు ఆ ఫోటో తెరిచినప్పుడల్లా ఆ కళ్ళద్దాల కుర్రాణ్ణి చూసి నవ్వుకుని, వాణ్ణి వేలితో పక్కకు నెట్టి, ఆ చెవినే పెద్దది చేసుకుని చూస్తాను.